‘దెజఫినాదు’కి తెలుగులో ఏమందాం?

బ్రెజిల్ సంగీతరీతి బోసానోవా మీద వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. జోబిమ్, న్యూటన్ మెండోన్సా కలిసి కట్టిన ‘దెజఫినాదు’ పాట పేరది. పోర్చుగీసులో ‘అఫినార్’ అంటే శ్రుతి చేయడం, ‘దెజఫినాదు’ దానికి వ్యతిరేకం. ‘అపశ్రుతి’ అని రాశాను గానీ మనసొప్పడం లేదు. పెద్దలు చెప్పండి.

*

మేడమ్, ‘అపశ్రుతి’ని పత్రికలవాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. ‘జాతరలో అపశ్రుతి’ అని చూడగానే ఎవరికో దెబ్బ తగిలిందనే అనుకుంటాం. ‘అపస్వరం’ నయమేమో?

*

రెండూ కుదరవండీ. అవి జరిగిన తప్పుకు పేర్లు, పోర్చుగీసు మాట మనిషికి విశేషణం. పాట చివర్లో ‘శ్రుతి లేనివాళ్ల ఎదలోనూ గుండె కొట్టుకుంటుంది’ అనే అర్థంలో అదే మాట బహువచనంలో వస్తుంది. అక్కడ ‘అపస్వరాల ఎద’ అనలేం కదా!

ఇంకో సంగతి. ‘నేను శ్రుతి తప్పుతున్నానని నువ్వంటే’ అనే మొదటి వాక్యంలోనే బాణీ ఊహించని స్వరం మీద వాలుతుంది. కింద మోగే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మూలస్వరాన్ని షడ్జం అనుకుంటే అది పంచమానికి అరమెట్టు కింద, మన ప్రతి మధ్యమం చోట పడుతుంది. పాడేవాడు తప్పలేదు, బాణీ కట్టడమే అలా కట్టారు. బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్తో తన 1959 ఎల్పీలో ఎంత నెమ్మదిగా, ఎంత కచ్చితంగా పాడాడో వినండి. అందుకే ‘తప్పిన’ అనే మాట నాకు నచ్చదు.

1962 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఒక చర్చి హాల్లో శాక్సోఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్, గిటారిస్టు చార్లీ బర్డ్ బృందం దీన్ని రికార్డు చేసినప్పుడు సాహిత్యమే లేదు. శాక్సోఫోన్, గిటార్, బేస్, డ్రమ్స్ అంతే. మాటలన్నీ పోయి పేరొక్కటే మిగిలింది, అయినా ఆ స్వరం దగ్గరికొచ్చేసరికి పేరు ఎందుకు పెట్టారో చెవికి తెలిసిపోతుంది. గెట్జ్‌కి గ్రామీ తెచ్చింది ఈ పాట వాయించిన తీరే. మెండోన్సా మాత్రం 1960లోనే పోయాడు, అదేదీ చూడలేదు. నాకు అదే బాధ.

*

ఇంగ్లీషు పాటలో ‘కాస్త శ్రుతి తప్పి’ అనే అర్థం పెట్టారు. ‘కాస్త’ చేర్చి నేరం తగ్గించారు గానీ, తప్పు తప్పుగానే ఉంచారు. ‘శ్రుతి కలవని’ అంటే ఎలా ఉంటుంది? మనసులు కలవకపోయినా శ్రుతి కలవలేదనే అంటాం. ఇది ప్రేమపాటే కాబట్టి రెండర్థాలూ నిలుస్తాయి, తప్పు ఒకరి మీదే పడదు. అన్నట్టు, ‘శృతి’ అని రాయకండి, ‘శ్రుతి’ సరైన రూపం. ‘శ్రుతి మించడం’ వేరే సంగతి, అది హద్దు దాటడం.

*

అందరికీ నమస్కారం. ‘శ్రుతి కలవనివాడు’ అని పేరు మార్చేశాను. చివరి చరణంలో మాత్రం ‘శ్రుతి కలవనివాళ్లు’ అని వస్తుంది, అందులో ఆడవాళ్లమూ ఉంటాం.