అప్‌డేట్: 14 మందితో కులెబ్రా ఫ్లమెంకో బీచ్, ఒక్క రోజులో

ప్యూర్టో రికో రాజధాని శాన్ హ్వాన్‌లో ఉంటూ 14 మందిమి ఒక్క రోజులో పక్కనున్న కులెబ్రా ద్వీపంలోని ఫ్లమెంకో బీచ్ చూసి రాగలమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. వెళ్లొచ్చాం.

అసలు చిక్కు ఫెర్రీనే. అది తూర్పు తీరంలోని సేబా రేవు నుంచి బయల్దేరుతుంది, ఫహార్దో రేవు నుంచి కాదు. పాత బ్లాగుల్లో ఇంకా ఫహార్దో అనే ఉంటుంది. ప్రయాణం సుమారు 45 నిమిషాలు. టికెట్ చవక కాబట్టే తొందరగా అయిపోతుంది, పైగా ద్వీపవాసులకు ప్రాధాన్యం. రానూపోనూ అందరికీ ఒకేసారి ఆన్‌లైన్‌లో కొనండి. తిరుగు టికెట్ దొరక్కపోతే రాత్రి అక్కడే ఉండాలి. శాన్ హ్వాన్ నుంచి సేబాకు రోడ్డు మీద గంటన్నర, రేవులో ఇంకో గంట చేతిలో పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు గాలికి ఎదురు కాబట్టి కుదుపు ఎక్కువ. వాంతుల మాత్ర ఎక్కే ముందే, గంట ముందు వేసుకోవాలి.

కులెబ్రాలో దిగాక రేవు దగ్గర బీచ్‌కు వెళ్లడానికి పబ్లికో వ్యాన్లు (షేర్ ట్యాక్సీలు) ఉంటాయి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, పులిహోర తీసుకెళ్లండి. ఆ ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది.

బీచ్ ఉత్తరానికి తెరుచుకుని ఉంది. అందుకే చలికాలంలో పెద్ద అలలు, లోపలికి లాగే ప్రవాహాలు వస్తాయి. పిల్లలుంటే ఒక పెద్దమనిషి కేవలం నీళ్లనే చూస్తూ కూర్చోవాలి. మాన్సనీయో (మాంచినీల్) అనే విషపు చెట్టు కిందకు, ముఖ్యంగా వానలో, అస్సలు వెళ్లకండి. దాని పాలు చర్మాన్ని కాలుస్తాయి.

హెచ్1బి వీసా గురించి అడిగినవాళ్లకు: ప్యూర్టో రికో అమెరికా భూభాగమే, అమెరికా నుంచి నేరుగా వస్తే కొత్త స్టాంపింగ్ అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి.