రెండడుగుల టేబుల్ మీద మౌస్ తిరగట్లేదు, ట్రాక్‌బాల్ కొనొచ్చా?

సీతమ్మధార_అకౌంట్స్:
అందరికీ నమస్తే. ఇంటి నుంచే రెండు మూడు షాపుల లెక్కలు చూస్తుంటాను, ట్యాలీ, ఎక్సెల్ అంతే. టేబుల్ వెడల్పు రెండడుగులు, కుడి పక్క బీరువా ఎడమ పక్క కిటికీ, ఇంక జరిపే చోటు లేదు. ల్యాప్‌టాప్ వెనకాల స్టాండ్ మీద పెట్టి ముందు పెద్ద కీబోర్డ్ పెట్టాక మౌస్‌కి మిగిలేది జానెడు కూడా కాదు, ఎక్సెల్‌లో కిందకి డ్రాగ్ చేస్తుంటే వేళ్ల కణుపులు వెళ్లి బీరువా హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి. టచ్‌ప్యాడ్ వాడొచ్చు కదా అంటారు మా ఆయన, స్టాండ్ మీదకి చెయ్యెత్తి రోజంతా ఆయన వాడితే తెలుస్తుంది. ట్రాక్‌బాల్ అని మీద బంతి తిప్పే మౌస్ అయితే కదపక్కర్లేదంట, నిజమేనా? ఫోన్ వల్ల కుడి బొటనవేలు ఇప్పటికే కాస్త లాగుతోంది, అదీ చూసి చెప్పండి.

గాజువాక_గేమర్:
అక్కా ఇంకేం ఆలోచించకండి, లాజిటెక్ ఎర్గో ఎం575 తీస్కోండి. పక్కన 34 మి.మీ. బంతి ఉంటది, బొటనవేలితో తిప్పడమే, మౌస్ పెట్టిన చోటే ఉంటది. పది సెంటీమీటర్ల వెడల్పు చాలు, ఒక్క డబుల్ ఏ బ్యాటరీ వేస్తే ఏడాది పైనే వస్తది. గేమ్స్‌కి పనికిరాదు అది వేరే సంగతి, ఎక్సెల్‌కి సూపర్.

షిప్పు_దిగిన_మామ:
గురూ, ఆవిడ బొటనవేలు నొప్పి అని రాస్తే బొటనవేలితో తిప్పేది కొనమంటావేటి? పైగా అది కుడి చేతికి మాత్రమే.
అమ్మా, నేను షిప్పుల మీద చేసి వచ్చినోణ్ణి. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, రాడార్‌కి ఉండేది ట్రాక్‌బాలే, కన్సోల్‌లోనే బిగించేసి ఉంటుంది, ఓడ ఊగుతుంటే మౌస్ పెడితే ఇటునుంచి అటు జారిపోద్ది కదా. ఎదురొచ్చే ఓడ మీదకి కర్సర్ తీసుకెళ్లి నొక్కేదంతా అరచేతి కింద బంతితోనే. అలా బంతి మధ్యలో ఉండేది చూడండి, వేళ్లతో తిప్పేది. కెన్సింగ్టన్ ఆర్బిట్ అని ఉంది, 40 మి.మీ. బంతి, చుట్టూ స్క్రోల్ చేసుకోడానికి రింగు, ఏ చేతికైనా సరిపోతుంది. మిడిల్ క్లిక్ విడిగా ఉండదు, మీ పనికి దాంతో అవసరం రాదు లెండి.

ద్వారకానగర్_సర్వీస్:
కొనేముందు ఫ్రీ పని ఒకటుంది. సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడ్ బాగా పెంచి చూడండి, మణికట్టు కదిపితే స్క్రీన్ మొత్తం తిరిగొస్తది. అసలు చోటు తినేది మౌస్ కాదండీ, కీబోర్డ్. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డ్ వేస్తే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు కలిసొస్తాయి.

సీతమ్మధార_అకౌంట్స్:
స్పీడ్ పెంచితే సన్న సెల్ మీద ఆగట్లేదండీ, పక్క సెల్‌లోకి దూకేస్తోంది. నంబర్ ప్యాడ్ తీసేస్తే నా పని అయిపోయినట్టే, అంకెలన్నీ చూడకుండా దాని మీదే కొడతాను.

షిప్పు_దిగిన_మామ:
అయితే కీబోర్డ్‌ని బీరువా వైపుకి పూర్తిగా జరిపేసి బంతిని ఎడమ పక్కన పెట్టండి. కుడి చెయ్యి అంకెల మీదే ఉంటుంది, ఎడమ చెయ్యి బంతి మీద, మధ్యలో చెయ్యి తీసి పెట్టే గోలే లేదు. స్కానింగ్ సెంటర్‌లో చూసే ఉంటారు, డాక్టర్ గారు ఒక చేత్తో ప్రోబ్ పట్టుకుని రెండో చేత్తో మిషన్ మీద బంతి తిప్పుతుంటారు, అదీ ట్రాక్‌బాలే. విండోస్‌లో ప్రైమరీ బటన్‌ని రైట్‌కి మార్చుకుంటే ఎడమ చేతికి క్లిక్ సులువవుద్ది. అలవాటయ్యేదాకా విసుగొస్తుంది, ట్యాక్స్ రిటర్న్స్ గడువు దగ్గర పడ్డ వారంలో మాత్రం మొదలెట్టకండి.

సీతమ్మధార_అకౌంట్స్:
ఎడమ చెయ్యి సంగతి అసలు తట్టలేదండీ, మామయ్య గారూ థాంక్స్. ఆ బంతి ఊడొస్తుందా? మా గుంటడు చూశాడంటే హాల్లో క్రికెట్టే.

ద్వారకానగర్_సర్వీస్:
ఊడి రావాలండీ, లేకపోతే క్లీనింగ్ ఎలా. ఆర్బిట్ బోర్లిస్తే చేతిలోకి వచ్చేస్తది, ఎం575 అయితే కింద చిల్లులోంచి పెన్సిల్‌తో పొడవాలి. బంతి కూర్చునే గుంటలో మూడు చిన్న చిన్న గుండ్లు ఉంటాయి, మన ఊరి చెమటకి ధూళి, బట్టల పీచు కలిసి మకిలిలా వాటి మీదే పేరుకుంటాయి, అప్పుడు బంతి గరగరమని పట్టేస్తది. అది చూసి పాడైపోయిందని రిపేర్‌కి తెస్తుంటారు. దూది పుల్లతో గీకేసి, బంతిని పొడి గుడ్డతో తుడిస్తే చాలు, నూనె మాత్రం వేయొద్దు. ఎండాకాలం ఫ్యాన్ కిందే పని అయితే వారం వారం చూసుకోండి.

గాజువాక_గేమర్:
మామా నొప్పి లైన్ చూసుకోలే నేను 😅 అక్కా రిటర్న్ పాలసీ ఉన్న చోట కొనండి, చేతికి పడకపోతే ఇచ్చేయొచ్చు.

సీతమ్మధార_అకౌంట్స్:
సరే, ముందు పాత మౌస్‌నే ఎడమ పక్కన పెట్టి ఓ వారం చూస్తా, చెయ్యి తిరిగితే ఆర్బిట్ ఆర్డర్ పెడతా. కిటికీ వైపు బిల్లుల ఫైళ్లున్నాయి, అవి ఎక్కడ పెట్టాలో మా ఆయన్ని అడగాలి, టచ్‌ప్యాడ్ ఐడియా ఇచ్చింది ఆయనే కదా.