మొదటి వయొలిన్ అద్దెకు తీసుకోవాలా, కొనాలా? తిరుపతి నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: ఒక తండ్రి, బైరాగిపట్టెడ, తిరుపతి

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండాయి. గత విజయదశమి నాడు వయొలిన్ పాఠాలు మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ గురువుగారి ఇంట్లో ఉన్న వాయిద్యం మీదే నేర్చుకుంది. ఇప్పుడు తొలి పాఠాలైన సరళీ వరుసలను రెండు కాలాల్లో (వేగాల్లో) వాయిస్తోంది కనుక రోజూ సాధన చేయడానికి ఇంట్లో ఒకటి ఉండాలని ఆయన చెప్పారు. నేను విచారించిన చోట కమాను, పెట్టెతో కలిపి కొత్త వయొలిన్ 7,000 రూపాయలు అన్నారు. మరొకరు 2,000 రూపాయలు అడ్వాన్సు తీసుకుని నెలకు 300 రూపాయల అద్దెకు ఇస్తామన్నారు. రెండేళ్ల అద్దె కడితే వయొలినే వచ్చేస్తుంది కదా అనిపిస్తోంది. కానీ పిల్ల ఆసక్తి అంతకాలం నిలుస్తుందా అన్న సందేహమూ ఉంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

అయ్యా, కొనమనే నా సలహా. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు వయొలిన్ నేర్చుకున్నారు. పెద్దవాడికి అద్దెది తెచ్చాం. ఎక్కడ గీత పడుతుందో, ఎక్కడ కింద పడుతుందో అన్న భయంతో పాఠం అయిన వెంటనే పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించేవాళ్లం. వాడు మళ్లీ అడిగితే మరునాడు చూద్దామనేవాళ్లం. ఇంత జాగ్రత్తపడినా, తిరిగి ఇచ్చేటప్పుడు మేము తెచ్చిననాడే ఉన్న పగులును చూపించి అడ్వాన్సులో సగం పట్టుకున్నారు. చిన్నవాడికి సొంతంగా కొన్నాం. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని తనంతట తానే పెట్టె తెరిచేవాడు. సరస్వతీ పూజనాడు పుస్తకాల పక్కన తన వయొలిన్‌ను పెట్టి బొట్టు పెట్టుకున్న ఆ పిల్లవాడి మమకారం కిరాయి వస్తువు మీద కలుగుతుందని నేను అనుకోను. చదువు ఆగిపోయినా సొంత వస్తువును అమ్మితే కొంతైనా తిరిగి వస్తుంది. కట్టిన అద్దె రాదు.

సమాధానం: వయొలిన్ ఉపాధ్యాయురాలు, తిరుపతి

చిత్తూరు పెద్దాయన మమకారం గురించి చెప్పిన మాటను నేను కాదనను. అయితే ఎదిగే పిల్ల విషయంలో ఆయన సలహాతో ఏకీభవించలేను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఇక్కడ ముందుగా లెక్కించవలసింది నెలలను కాదు, అమ్మాయి చేతి పొడవును.

వయొలిన్‌లో పావు, అర, ముప్పావు, ఫుల్ అని సైజులు ఉంటాయి. ఫుల్ సైజు ఒళ్లు సుమారు 14 అంగుళాలు ఉంటే, అర సైజుది పేరు సూచించినట్టు అందులో సగం కాక, సుమారు పన్నెండున్నర అంగుళాలు ఉంటుంది. ఒకటిన్నర అంగుళాలే కదా, పెద్దదే కొంటే ఎదిగాక కూడా పనికొస్తుందని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. పెద్ద వయొలిన్ చిన్న చేతిలో ఏం చేస్తుందో నేను వారానికొకసారైనా చూస్తాను. మనం బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. వాయిద్యం పొడవైతే ఆ తల పాదం దాటి ముందుకు పోతుంది, దాన్ని అందుకోవడానికి పిల్ల నడుము వంచుతుంది, ఎడమ భుజం బిగుసుకుంటుంది. స్వరం సంగతి అంతకన్నా ముఖ్యం. మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో కదా. అందులో శుద్ధ రిషభం (రి) షడ్జమానికి (స) బాగా దగ్గరగా ఉంటుంది, అక్కడి నుంచి అంతర గాంధారానికి (గ) మాత్రం చాలా దూరం. పెద్ద వయొలిన్ తీగ మీద ఆ దూరానికి పిల్ల రెండో వేలు చాలదు, గాంధారం ప్రతిసారీ కిందికి జారుతుంది. పిల్లకు శ్రుతిజ్ఞానం లేదని ఇంట్లోవాళ్లు బాధపడతారు. నిజానికి లోపం ఆమె చెవిలో లేదు. స్వరాలను ఊపి పలికించే గమకాలు మొదలయ్యేసరికి ఆ తప్పు దూరమే చేతికి అలవాటైపోయి ఉంటుంది, దాన్ని మాన్పించడానికి నేర్పినదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది.

ఎనిమిదేళ్ల పిల్లకు చాలావరకు అర సైజు సరిపోతుంది. పదో పదకొండో ఏట ముప్పావు, పన్నెండు దాటాక ఫుల్ సైజు అవసరమవుతాయి. అంటే మీరు లెక్కవేసిన రెండేళ్లు గడిచేసరికి ఈ వయొలిన్ అమ్మాయికి చాలదు. కొన్నా, అద్దెకు తెచ్చినా ఆ డబ్బు దాదాపు ఖర్చయినట్టే. అమ్మితే కొంత వస్తుందన్న మాట నిజమే కానీ, మా విద్యార్థుల ఇళ్లలో అటకల మీద ఉన్న చిన్న వయొలిన్లను చూస్తే ఆ అమ్మకం అంత సులువు కాదని తెలుస్తుంది.

మరొక సంగతి కూడా ఉంది. తక్కువ ధర వయొలిన్ పెట్టెలోంచి తీయగానే వాయించడానికి సిద్ధంగా ఉండదు. తీగలను మోసే బ్రిడ్జి ఎత్తుగా ఉండి, తీగ నొక్కితే పిల్ల వేళ్లు నొప్పిపెడతాయి. తీగలు బిగించే బిరడాలు రాపిడితో మాత్రమే నిలుస్తాయి కనుక వానాకాలం చెమ్మకు ఉబ్బి కదలవు, మే నెల ఎండలకు ఎండి జారిపోతాయి. లోపల జిగురు లేకుండా నిలబెట్టిన సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర పడిపోయిందంటే, తీగలు వదులు చేసి తెలిసినవారి దగ్గరికి తీసుకువెళ్లడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు. అలాంటి మరమ్మతుకు మాలో చాలామందిమి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి వస్తుంటాం. వాయిద్యం అద్దెదైతే ఆ బాధ్యత ఇచ్చినవారిది, అయితే ఆ మాటను కాగితం మీద రాయించుకోవాలి. సైజు మార్చుకునేటప్పుడు కొత్త అడ్వాన్సు అడగకూడదని, తీగ తెగితే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయించండి. ఇచ్చిననాడే వాయిద్యాన్ని అన్ని వైపులా ఫోటోలు తీసి వారికే పంపితే, పెద్దాయనకు జరిగిన అన్యాయం మీకు జరగదు.

పిల్ల ఆసక్తి గురించి అడిగారు. నేను చూసినంతవరకు, మొదటి ఏడాదిలో మానేసిన పిల్లల్లో ఎక్కువమంది సంగీతం మీద ఇష్టం లేక మానలేదు, వాయిద్యం లొంగక మానారు. సరస్వతీ పూజ మాట వచ్చింది కనుక చెబుతున్నాను: మా ఇంట్లో ఆ రోజు విద్యార్థుల వయొలిన్లన్నీ ఒకే పీట మీద పెడతాం. ఏది సొంతమో, ఏది అద్దెదో అక్కడ ఎవరూ చూడరు. అసలు వయొలిన్ మనకు బయటి నుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వంటివారు దాన్ని చేతికి తీసుకుని మన శ్రుతికి తిప్పుకుంటేనే అది మన పూజలోకి వచ్చింది.

ఫుల్ సైజు వచ్చాక మాత్రం తప్పకుండా కొనండి. ప్లైవుడ్‌ది కాకుండా, పైపలక స్ప్రూస్, వెనుకపలక మేపుల్ చెక్కతో చేసినది ఎంచుకోండి. ఈ రెండేళ్లలో మిగిలే శ్రమను, డబ్బును దానికోసం దాచుకోండి.

సమాధానం: వీణ నేర్చుకుంటున్న అమ్మాయి తల్లి, తిరుచానూరు

ఈ చర్చ చదివి వీణకూ ఇదే వర్తిస్తుందని ఎవరైనా అనుకుంటారేమోనని రాస్తున్నాను. వీణను వయొలిన్‌లాగా రెండేళ్లకొకసారి మార్చవలసిన పని లేదు. కాస్త ఎదిగిన పిల్లకు కొన్న వీణ పెళ్లయ్యాక అత్తవారింటికి కూడా వెళ్తుంది. పనసచెక్కతో చేసిన ఆ బరువైన వాయిద్యాన్ని నెలకొకరి ఇంటికి బస్సులో తిప్పడం దానికీ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. అందుకే మేము వాడిన వీణను కొన్నాం. కొనేముందు మా టీచరమ్మ 24 మెట్లనూ ఒక్కొక్కటిగా మీటి చూశారు. మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి కనుక వేడికి మైనం మెత్తబడి అవి కదిలితే మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లను తిరిగి శ్రుతికి కూర్పించాలి. ఆ ఖర్చును ముందే ధరలో తగ్గించమని అడిగాం, వారు ఒప్పుకున్నారు.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

అమ్మా, గాంధారం గురించి మీరు రాసింది చదివాక మా పెద్దవాడు గుర్తొచ్చాడు. వాడికి మేము తెచ్చింది ఫుల్ సైజు. అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. సైజు విషయంలో మీ మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను. అయినా అద్దె ఒక్కటే దారి కాదని నా అభిప్రాయం. వాడిన అర సైజు వయొలిన్ దొరికితే తక్కువ ధరకు కొని, అమ్మాయి ఎదిగాక మరో పిల్లకు ఇచ్చేయవచ్చు. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదివే పెద్ద విద్యార్థులను అడిగితే ఎవరి ఇంట్లో ఏది ఖాళీగా ఉందో తెలియవచ్చు. మీరు చెప్పిన అటకల మీది వయొలిన్లు కిందికి దిగాలి కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గురువుగారు అమ్మాయిని కూర్చోబెట్టి రెండు సైజులూ పట్టించి చూశారు. అర సైజే సరిపోయింది, నేను 7,000 రూపాయలకు చూసింది ముప్పావు సైజు. వాడినదాని కోసం పెద్దాయన చెప్పినట్టు కళాశాలలో అడిగాను. ఒకటి ఉందన్నారు కానీ దాని మెడ దగ్గర అతుకు విడింది. అందుకని ప్రస్తుతానికి అద్దెకే తీసుకుంటున్నాను. మరమ్మతు, సైజు మార్పు రాసి ఇవ్వడానికి వారు ఒప్పుకున్నారు, తీగల ఖర్చు మాదేనన్నారు. శుక్రవారం గురువుగారు వచ్చి వాయించి చూస్తానన్నారు. ఆయన సరేనన్నాకే అడ్వాన్సు కడతాను.