ఘాట్ ఎక్కితే ఈల చప్పుడు, నల్లపొగ: టర్బో పోయిందా, హోస్ లీకా?

ప్రశ్న: 1.3 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. సింహాచలం ఘాట్లో 2,000 ఆర్‌పీఎం దాటగానే ఈల, నల్లపొగ. పికప్ లేదు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచేది) కింది హోస్ జిడ్డుగా ఉంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) మార్చాలంటున్నారు, నిజమేనా?

జవాబు 1: టర్బో జోలికి అప్పుడే పోకండి. ఇవి హోస్ చిరిగిన లక్షణాలే. సెన్సర్ కొలిచిన గాలి దారిలోనే బయటికి పోతే, ఆ లెక్కకు పడిన డీజిల్ పూర్తిగా మండక పొగ వస్తుంది. హోస్ లోపల కాస్త ఆయిల్ తడి మామూలే, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికొచ్చే పైపు) నుంచి వస్తుంది. బయట ఒకేచోట జిడ్డూ దుమ్మూ పేరుకుంటే అక్కడ వెతకండి.

జవాబు 2: ఐడిల్‌లో సబ్బునీళ్లు చల్లి లీకు లేదనేస్తారు. ఐడిల్‌లో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఉంటే కదా! ఇంజిన్ చల్లారాక ఎయిర్‌ఫిల్టర్ వైపు పైపుకు వాల్వున్న మూత బిగించి, బ్రీదర్ పైపు మూసి, 0.5 బార్ గాలి పట్టండి. అప్పుడు సబ్బునీళ్లు. ఎక్కువ పట్టిస్తే సీళ్లకు ముప్పు.

ప్రశ్న అడిగినవారు: హోస్ వంపు అడుగున రెండంగుళాల చీలిక దొరికిందండీ. టేపు చుట్టి గాజువాక దాకా పోవచ్చా?

జవాబు 2: నెమ్మదిగా, 2,000 లోపే. అది రిపేరు కాదు, వేడికీ ఆయిల్‌కీ టేపు ఊడొస్తుంది.

జవాబు 3: కొత్త హోస్ వేయండి. మామూలు సిలికాన్ వద్దు, ఆయిల్‌కు ఉబ్బుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది అడగండి. పైపు మూతిని డీగ్రీజర్‌తో తుడిచి పొడిగా ఎక్కించాలి, గ్రీజు రాస్తే బూస్ట్‌కు జారిపోతుంది. క్లాంపు పైపు అంచు గట్టుకు వెనకే పడాలి. మన సముద్రపు గాలికి ఇనుప క్లాంపులు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి.