సికిల్ సెల్: ఇద్దరికీ ఏఎస్ ఉంటే రెండో బిడ్డకి?

ప్రశ్న, మద్దిలపాలెం నుంచి: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయిస్తే భార్యాభర్తలిద్దరి రిపోర్టులోనూ ఏఎస్ అని వచ్చింది. మొదటి పాపకి జబ్బు లేదు. అయితే రెండో బిడ్డకి తప్పకుండా వస్తుందా అండీ?

జవాబు: అలా ఏమీ లేదండీ. ఏ అంటే మామూలు జన్యువు, ఎస్ అంటే సికిల్ సెల్ జన్యువు; ఏఎస్ అంటే ఒక్కోటి ఉన్నట్టు, జబ్బు ఉన్నట్టు కాదు. నాలుగు గళ్ళు గీయండి. పైన తండ్రివి ఏ, ఎస్. పక్కన తల్లివి ఏ, ఎస్. ఒక గడిలో ఏఏ, రెండింట్లో ఏఎస్, ఒకదాంట్లో ఎస్ఎస్. జబ్బు ఎస్ఎస్‌కే. ప్రతి కాన్పుకీ మళ్ళీ అదే 25 శాతం. చాలామంది పొరపడేది ఇక్కడే.

మరో జవాబు: ముందు ఏ పరీక్ష చేశారో చూడండి. సాల్యుబిలిటీ టెస్టు (ఎస్ ఉందో లేదో మాత్రమే చూసే రక్తపరీక్ష) ఏఎస్, ఎస్ఎస్ తేడా చెప్పదు, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష) కావాలి. 3 నెలల్లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే దాని ఫలితమూ తప్పు రావచ్చు. గర్భం నిలిచాక 11-14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి జన్యుపరీక్ష చేస్తారు. ఆలస్యం చేయకండి, దయచేసి.

ఇంకొకటి: పాపకీ పరీక్ష చేయించండి. జబ్బు లేకపోయినా ఏఎస్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు (ఎస్ఎస్ గడి తీసేస్తే మిగిలే మూడింట్లో రెండు ఏఎస్‌వే).