మాంగనీస్ సిలిసైడ్‌లో గాడోలినియం వేశాను, 29 కెల్విన్ మలుపు కదల్లేదేం?

ప్రశ్న (గరివిడి నుంచి)
నమస్కారం. నూటికి 2 మాంగనీస్ పరమాణువుల బదులు గాడోలినియం అనే రేర్ ఎర్త్ లోహం వేసి ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించాను. మా నాన్న ఇక్కడ సిలికో మాంగనీస్ ఫర్నేస్ దగ్గర పనిచేశారు. "మాంగనీస్ పొగైపోద్ది, కాస్త ఎక్కువెయ్యమ్మా" అన్నారు. నేను వినలేదు. ఛాంబర్ తెరిస్తే గోడంతా గోధుమరంగు మసి, కరిగి గట్టిపడిన ముద్ద (బటన్) బరువూ తగ్గింది.

మామూలు మాంగనీస్ సిలిసైడ్ 29 కెల్విన్ దగ్గర అయస్కాంతమవుతుంది, స్పిన్లు (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలు) 18 నానోమీటర్లకో చుట్టు తిరుగుతూ. నా శాంపిల్‌లోనూ ఆ మలుపు అక్కడే ఉంది. కానీ 65 కెల్విన్ దగ్గర గ్రాఫ్‌లో ఒక చిన్న గూను. 2 కెల్విన్, 5 టెస్లాలో అయస్కాంత బలం సగటున ఒక్కో మాంగనీస్ చోటుకు 0.05 బోర్ మాగ్నెటానే (పరమాణువుల అయస్కాంత బలం కొలిచే యూనిట్) పెరిగింది. గాడోలినియానికి 7 చొప్పున 0.14 రావాలి కదా? వారం నుంచి ఒకటే టెన్షన్.

జవాబు
అమ్మా, గాడోలినియం లోపలికి వెళ్లలేదు. దాని వ్యాసార్ధం 1.8 ఆంగ్‌స్ట్రామ్, మాంగనీస్‌ది సుమారు 1.3. అంత చిన్న చోట అది ఇమడదు. వెళ్లి ఉంటే ఆ 29 కెల్విన్ మలుపు ఎంతో కొంత కదిలేది.

ఆ 65 దగ్గరి గూనే అసలు సంగతి చెబుతోంది. ఒక గాడోలినియానికి రెండు మాంగనీస్, రెండు సిలికాన్ ఉండే సమ్మేళనం ఒకటుంది. అందులో గాడోలినియం పొరలు 60 పైచిలుకు కెల్విన్‌లో వరసలోకి వస్తాయి, మాంగనీస్‌కు ఎదురు దిక్కున. 7లోంచి మాంగనీస్ వాటా తీసివేత అవుతుంది, అందుకే నీకు 0.14 రాలేదు. ఎక్స్‌రేలో చిన్న పీకులేమైనా వదిలేశావా?

ప్రశ్న అడిగినవారు
అవును సర్. అడుగున మూడు ఉన్నాయి, నాయిస్ అనుకున్నాను. ఈరోజు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశాను. బూడిదరంగు గింజల మధ్య తెల్లని సన్నగీతలు, ముగ్గు గీసినట్టు. గాడోలినియమంతా ఆ గీతల్లోనే ఉంది.

జవాబు (శ్రీకాకుళం నుంచి)
చెల్లీ, వీలైతే నియోడిమియంతో కూడా చెయ్యి. మన తీరపు ఇసుకలోని మోనజైట్‌లో ఉండే తేలిక రేర్ ఎర్త్ అది. అలాంటివి మాంగనీస్‌కు ఎదురు తిరగవు, అదే దిక్కున నిలుస్తాయి. రెండు కర్వులూ పక్కపక్కన పెడితే గైడుకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు
చేస్తానక్కా. ఈసారి మాంగనీస్ నాన్న చెప్పినట్టే వేస్తున్నాను.