నిత్యత్వం దృష్టి అంటే గట్టు జరిపినా ఊరుకోవడమేనా?

రాజోలు తమ్ముడు:
అందరికీ వందనాలండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు సంక్రాంతి ముందు ప్రభువునందు నిద్రించారు. ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరి తోట ఉంది, నాకూ అన్నయ్యకీ చెరి సగం అని ఆయన ఉన్నప్పుడే అన్నారు గానీ కాయితం రాయలేదు. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అయిన నెలకి అన్నయ్య నీళ్ళ బోదె తవ్వించుకుంటా గట్టు నావైపు జరిపేశాడు, కొలిస్తే మూడు సెంట్లు. అందులో నాలుగు చెట్లు 1996 నవంబరు తుఫానుకి తోటంతా పడిపోయాక నాన్నగారు మళ్ళీ మొక్కలు తెచ్చి వేసినవి, నేను చిన్నోణ్ణి, బిందెతో నీళ్ళు మోసేవాణ్ణి.

సంఘ పెద్దాయనకి చెప్తే "నిత్యత్వం దృష్టితో చూడు బాబూ, మూడు సెంట్లు ఏపాటి" అన్నారు. తప్పు మాట కాదు, కనబడేవి కొంతకాలమే, కనబడనివే నిత్యం అని బైబిల్లో 2 కొరింథీ 4:18 నాకూ కంఠతా వచ్చు. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచి దేనిమీదా చెయ్యి ఆడట్లేదండి, తోటకి ఎరువు వెయ్యలేదు, కొబ్బరికాయల దింపు టైం దాటిపోయింది, అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టాలన్నా ఎందుకులే అన్నీ పోయేవే కదా అనిపిస్తంది. అన్నయ్యని క్షమించేశాననే అందరికీ చెప్తన్నా, ఆయన బండి చప్పుడు వింటే మాత్రం లోపల మండిపోతంది. నిత్యత్వం దృష్టితో బతకడమంటే ఇదేనా?

పాలకొల్లు నుంచి:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. వదిలెయ్యండి. భూమి దగ్గర పేచీ వస్తే అబ్రాహాము తమ్ముడి కొడుకు లోతుకి ముందు నువ్వే కోరుకో అన్నాడు, ఏం తక్కువైంది? 1 కొరింథీ 6:7 లో పౌలుగారు అన్యాయం సహించడమే మేలు కదా అంటాడు. కోర్టుకి వెళ్తే మూడు సెంట్ల కోసం ముప్పై సెంట్లు అమ్ముకోవాలి, మా బంధువుల్లో చూశాను.

కువైట్‌లో ఉంటున్న అక్క:
తమ్ముడూ, పై బ్రదర్ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. మాది అమలాపురం వైపు, ఇక్కడ ఇంటి పనికి వచ్చి తొమ్మిదేళ్ళు. మొదట్లో ఉన్న ఇంట్లో మూడు నెలలు జీతం ఇవ్వలేదు, ఫోన్ చేసి ఏడిస్తే మనవాళ్ళే ఒకాయన "నీ జీతం పరలోకంలో ఉందమ్మా" అన్నారు. ఆ రాత్రి యాకోబు 5:4 చదివాను. పొలం కోసినవాళ్ళ కూలి బిగబట్టుకుంటే ఆ కూలే మొర పెడుతుందంట, ఆ కేక ప్రభువు చెవిలో పడిందంట. అంటే పైనున్న ఆయన నా మూడు నెలల లెక్క కూడా చూస్తున్నాడనే కదా, మరి చిన్న విషయం అని నేనెలా అనుకుంటాను? మర్నాడు ధైర్యంగా అడిగాను, రెండు నెలలది వచ్చింది. నిత్యత్వం అనే మాటతో పేదోళ్ళ నోరు మూయించకూడదు.

ఇంకోటి, ఫీజు కట్టు తమ్ముడూ. నేను ఇక్కడ గిన్నెలు తోమేది మా పిల్లదాని ఫీజు కోసమే.

నరసాపురం పెద్దాయన:
బాబూ, మీ ప్రశ్న అచ్చంగా లూకా 12 లోనే ఉంది. ఒకాయన యేసు దగ్గరికొచ్చి మా అన్నదమ్ముడితో ఆస్తి పంచమని చెప్పండి అంటాడు. ఆయన పంపకం చెయ్యలేదు, లోభం విషయంలో జాగ్రత్త అని ధాన్యం కొట్లు పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం చెప్పాడు. ఆ మాట మీ అన్నయ్యకీ తగులుతుంది, మీకూ తగులుతుంది. అయితే అదే ప్రభువు మత్తయి 18:15 లో నీ సహోదరుడు తప్పు చేస్తే ఊరుకో అనలేదు, ఒంటరిగా వెళ్ళి మాట్లాడు అన్నాడు. మీరు వెళ్ళారా? మీ సంఘ పెద్దాయనకి చెప్పారు, ఇక్కడ మాకు చెప్పారు, అన్నయ్యకి చెప్పినట్టు ఎక్కడా రాయలేదు.

గట్టు పోయేదే, ఒప్పుకుంటాను. మీ అన్నయ్య పోయేవాడు కాదు కదా, ఆయనా నిత్యత్వంలో ఉండేవాడే. అందుకే ఆయనతో మాటల్లేకపోవడం మూడు సెంట్ల కంటే పెద్ద విషయం.

పని సంగతికొస్తే, 1 కొరింథీ 15 అంతా పునరుత్థానం గురించే, చివర 58వ వచనంలో పౌలు ఇక పని మానెయ్యండి అనలేదు, మీ ప్రయాస వ్యర్థం కాదు, ప్రభువు పనిలో ఇంకా ఎక్కువగా ఉండండి అన్నాడు. ఆయనే డేరాలు కుట్టుకుని బతికాడు, థెస్సలొనీకలో పని మానేసి తిరిగేవాళ్ళని గట్టిగా కోప్పడ్డాడు. 1836 లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చి, తర్వాత మా నరసాపురంలో సువార్త చెప్పిన బౌడెన్ దొరగారు రాతిపని చేసేవారు, ఆయనతో వచ్చిన బీర్ గారు చెప్పులు కుట్టేవారు. వెనక జీతమిచ్చే మిషన్ ఏదీ లేదు. పరలోకం గురించి అంత మాట్లాడినవాళ్ళు మన భాష నేర్చుకుని, ఈ ఎండల్లో, ఈ జ్వరాల్లో ఇక్కడే ఉండిపోయారు. మా తాతగారు ఈ సంగతి చెప్తుంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఈస్టరు తెల్లవారుజామున మీ ఇద్దరూ నాన్నగారి సమాధి దగ్గర కొవ్వొత్తులు పెడతారు కదా. దానికి ముందే వెళ్ళండి.

రాజోలు తమ్ముడు:
వెళ్ళానండి, ఆదివారం సాయంత్రం. వదిన టీ ఇచ్చింది. అన్నయ్య ముందు అరిచాడు, నాన్న నాతో వేరేలా చెప్పాడు అన్నాడు. నేనూ గొంతు పెంచాను, అబద్ధం చెప్పను. ఆఖరికి సర్వేయర్ని పిలిపిద్దాం, ఫీజు చెరి సగం అని ఒప్పుకున్నాడు, గట్టు మాత్రం ఇంకా అక్కడే ఉంది. వచ్చేటప్పుడు "అమ్మాయి ఏ గ్రూపు" అని అడిగాడు, గట్టు జరిగాక ఆయన ఆప్యాయంగా అడిగిన మొదటి మాట అదే.

నిన్న తోటకి పేడ, వేపపిండి వేయించాను. గట్టవతలున్న ఆ నాలుగు చెట్లకీ వేశాను. సర్వేయర్ గారు బుధవారం వస్తానన్నారు, ప్రార్థన చెయ్యండి.